రెండు పలకలా, మూడా, ఒక్కటేనా? బొమ్మను ఎప్పుడు విడదీయాలి

బొమ్మలు వేసేవాళ్లయినా, కొనుక్కునేవాళ్లయినా ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గర ఆగుతారు. ఇది ఒకే కాన్వాస్ మీద బాగుంటుందా, రెండు ముక్కలుగా బాగుంటుందా? మూడయితే ఇంకా నిండుగా ఉంటుందేమో? నన్నడిగినవాళ్లకు ముందు ఒక చిన్న పని చెబుతాను. ఆ బొమ్మనో, దాని చిత్తు నమూనానో కాగితం మీద ప్రింటు తీసుకోండి. మధ్యలో నిలువునా కత్తెరతో కోయండి. మీ గోడ రంగుకు దగ్గరగా ఉన్న అట్ట మీద రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి మెల్లగా దూరం జరపండి. వేలెడు ఖాళీ వచ్చాక ఆగి చూడండి.

బొమ్మ విరిగిపోయినట్టు అనిపించిందా, అది ఒకే కాన్వాస్ బొమ్మ. ఏ తేడా తెలియలేదా, విడదీయడం వల్ల వచ్చేదేమీ లేదు కాబట్టి అదీ ఒకే కాన్వాస్ బొమ్మే. ఆ ఖాళీ పడేసరికి రెండు ముక్కలూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టో, ఒకదానికొకటి ఎదురు చెబుతున్నట్టో అనిపిస్తే మాత్రం మీ చేతిలో నిజమైన డిప్టిక్ ఉంది. రెండు పలకల చిత్రం అంటే రెండు కాన్వాసులు ప్లస్ వాటి మధ్య ఖాళీ. ఆ ఖాళీకి పని ఉంటేనే విడదీయాలన్నది ఇన్నేళ్లుగా నేను నమ్ముతున్న మాట. కింద రాసినదంతా ఆ ఒక్క కొలత పెట్టి చూసిందే.

పేర్ల సంగతి

డిప్టిక్ అనే మాట గ్రీకు నుంచి వచ్చింది, రెండు మడతలని అర్థం. పాతకాలంలో అది రాత పలక. రెండు చెక్క పలకలకు లోపలి వైపు మైనం పూసి, దాని మీద సూదిమొన కలంతో రాసి, పుస్తకంలా మూసేవాళ్లు. మూస్తే లోపలి రాత చెరిగిపోదు. తర్వాత రోమన్ అధికారులు దంతంతో చెక్కించుకున్నారు, ఆ తర్వాత క్రైస్తవ భక్తులు అదే మడత మీద దేవుడి బొమ్మలు వేయించుకుని ప్రయాణాల్లో వెంట తీసుకెళ్లారు. మడత బందులతో కలిసిన మూడు పలకలైతే ట్రిప్టిక్, అంతకు మించితే పాలిప్టిక్. ఇప్పుడు బందులు లేకపోయినా, గోడ మీద పక్కపక్కన తగిలించే కాన్వాసులకు కూడా ఇవే పేర్లు వాడుతున్నాం. ఇవి కాక, విడివిడి ఫ్రేముల్లో ఉంటూ ఒకదానికొకటి జోడీగా వేసిన జంట చిత్రాలు వేరు, నేల మీద నిలబెట్టే మడత తెరలు వేరు.

రెండు పలకలు ఎప్పుడు పనికొస్తాయి

రెండు పలకలకు నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న విల్టన్ డిప్టిక్. 1395-1399 ప్రాంతంలో ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ కోసం వేసినది. ఒక్కో పలక సుమారు 53 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు, అంటే ఒక పెద్ద పుస్తకం తెరిచినంత. ఎడమ పలకలో రాజు మోకాళ్ల మీద ఉన్నాడు, వెనక ముగ్గురు సాధువులు నిలబడ్డారు, కాళ్ల కింద నేల బోడిగా ఉంది. కుడి పలకలో బిడ్డనెత్తుకున్న మేరీ, చుట్టూ నీలి బట్టల్లో పదకొండుమంది దేవదూతలు, కాళ్ల కింద పూల పచ్చిక. ఈ లోకం ఒక పలక, ఆ లోకం ఒక పలక. రాజు చేతులు రెండూ పలకల్ని కలిపే కీలు వైపు చాచి ఉన్నాయి, అటు నుంచి బాలుడు ముందుకు వంగుతున్నాడు. ఇద్దరి చేతులూ కీలు దగ్గరే ఆగిపోతాయి. దీన్ని ఒకే పలక మీద వేసి ఉంటే రాజు స్వర్గంలో ఒక మూల కూర్చున్నట్టు ఉండేది. చెక్క అంచు అడ్డం ఉండబట్టే ఆ దూరం, ఆ ఆశ మనకు తెలుస్తున్నాయి.

ఖాళీ చేసే మొదటి పని ఇదే, రెండు లోకాలకు హద్దు గీయడం. మీ దగ్గరున్న విషయంలో అలాంటి రెండు లోకాలు ఉంటే (ఇల్లు-బయలు, పగలు-రాత్రి, వెళ్లినవాళ్లు-ఉన్నవాళ్లు) డిప్టిక్ ఆలోచించండి.

రెండో పని ఎదురుబొదురుగా కూర్చోబెట్టడం. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన ఉర్బీనో ప్రభు దంపతుల చిత్రాలు ఫ్లారెన్స్‌లోని ఉఫ్ఫీజీ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కో పలక 47 సెంటీమీటర్లు, 33 సెంటీమీటర్లు. ఇద్దరూ పక్కముఖంగా ఒకరినొకరు చూసుకుంటున్నారు, వెనక కొండలూ నీళ్లూ మాత్రం రెండు పలకల మీదా ఒకే దేశంలా సాగిపోతాయి. ఆ ప్రభువు ఫెదెరీగోకు ఒక పోటీలో కుడి కన్ను పోయింది, అందుకని ఆయన ఎడమ చెంప మాత్రమే మనకు కనిపిస్తుంది. అలా కనిపించాలంటే ఆయన కుడి పలకలో కూర్చోవాలి. మామూలుగా ఇలాంటి జోడీల్లో మగవాళ్లను మన ఎడమవైపు పెట్టేవాళ్లు, ఇక్కడ అది తారుమారైంది. భార్య బత్తిస్తా 1472లో చనిపోయింది, ఈ బొమ్మ ఆమె పోయాక వేసిందేనని చాలామంది అభిప్రాయం. అది తెలిశాక ఆ రెండు ముఖాల మధ్య ఉన్న ఫ్రేము కర్రను మామూలుగా చూడలేం.

మూడో పని కొంచెం తమాషాగా ఉంటుంది, ఖాళీ ఉన్నా లేనట్టు చేయడం. బెల్జియంలోని బ్రూజ్‌లో ఉన్న హాన్స్ మెమ్లింగ్ డిప్టిక్, 1487 నాటిది, దీనికి మంచి పాఠం. ఎడమ పలకలో మేరీ, కుడి పలకలో బొమ్మ వేయించుకున్న 23 ఏళ్ల మార్టెన్ వాన్ నీవెన్‌హోవె. పైపైన చూస్తే రెండు వేర్వేరు కిటికీల్లో ఇద్దరు మనుషులు. దగ్గరగా చూడండి. మేరీ ఎర్రటి పైవస్త్రం ఫ్రేము కిందుగా సాగి కుడి పలకలోకి వచ్చి మార్టెన్ ప్రార్థన పుస్తకం కింద పరుచుకుంది. మేరీ వెనక గోడకున్న చిన్న ఉబ్బు అద్దంలో ఇద్దరి నీడలూ ఒకే గదిలో పక్కపక్కన కనిపిస్తాయి. ఫ్రేము విడదీసిన ఇద్దర్నీ ఆ అద్దం, ఆ బట్ట అంచు కలిపేశాయి. డిప్టిక్ వేయాలనుకునేవాళ్లు ఈ రెండు వివరాలను భూతద్దం పెట్టి చూడాలి. రెండు పలకల్నీ కలపడానికి బొమ్మంతా సాగదీయక్కర్లేదు, ఒక బట్ట కొస చాలు.

నాలుగో పని ఒకే విషయాన్ని రెండుసార్లు చెప్పి తేడా చూపించడం. ఆండీ వార్హోల్ 1962లో చేసిన మెరిలిన్ డిప్టిక్ అలాంటిది, లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. సినిమా నటి మెరిలిన్ మన్రో ఫొటో ఒకటే 50 సార్లు. ఎడమవైపు 25 ముఖాలు కళ్లు మిరుమిట్లు గొలిపే రంగుల్లో, కుడివైపు 25 ముఖాలు నలుపు తెలుపుల్లో, కొన్నిచోట్ల సిరా ఎక్కువై మసిబారి, కొన్నిచోట్ల చెరిగిపోతూ. ఆమె ఆ ఏడాది ఆగస్టులోనే చనిపోయింది. ఏ పలక ఒక్కటీ ఆ మాట చెప్పదు, రెండూ పక్కపక్కన ఉంటేనే తెలుస్తుంది.

మీ బొమ్మ ఈ నాలుగింటిలో ఏ ఒక్క పనీ ఖాళీతో చేయించుకోకపోతే, గోడ వెడల్పుగా ఉంది కదా అని డిప్టిక్ వైపు వెళ్లొద్దని నా సలహా.

గీత ఖాళీని దాటేటప్పుడు

ఇక్కడే ఎక్కువమంది ఇబ్బంది పడతారు, కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. ఒకే దృశ్యం రెండు పలకల మీద సాగాలనుకున్నారు. అలాంటప్పుడు ఖాళీ వెనక ఏముంది?

రెండు దారులున్నాయి. ఒకటి కోత. బొమ్మను సరిగ్గా మధ్యలో కోసి రెండు భాగాల్నీ పక్కకు జరపడం. బొమ్మలో ఏదీ పోదు కానీ అంతా జరిగిపోతుంది. రెండోది కిటికీ. గోడ అవతల పూర్తి దృశ్యం ఉంది, మనం రెండు కిటికీల్లోంచి చూస్తున్నాం, మధ్యనున్న నాలుగు సెంటీమీటర్ల గోడ వెనక కొంత భాగం దాగిపోయింది అనుకోవడం. ఇందులో కొంత బొమ్మ పోతుంది, కానీ ఏదీ జరగదు.

నా మొదటి పెద్ద డిప్టిక్‌లో ఈ తేడా నాకు తెలియదు. ఎడమ పలక కింది మూల నుంచి కుడి పలక పైమూలకు ఏటవాలుగా ఒక చెట్టుకొమ్మ వేశాను, రెండు కాన్వాసుల్నీ ఆనించి పెట్టుకుని. స్టాండు మీద చక్కగా ఉంది. గోడకు నాలుగు సెంటీమీటర్ల ఖాళీతో తగిలించగానే కొమ్మ విరిగిపోయింది. లెక్క చూస్తే సులువే. 45 డిగ్రీల వాలులో ఉన్న గీత నాలుగు సెంటీమీటర్లు పక్కకు పోయేసరికి నాలుగు సెంటీమీటర్లు పైకి కూడా వెళ్లాలి. నా కొమ్మ కుడి పలకలో అంతే కిందనే మొదలైంది. వాలు 30 డిగ్రీలే అయి ఉంటే తేడా దాదాపు రెండుంబావు సెంటీమీటర్లు ఉండేది. అదే దిగంతరేఖ లాంటి అడ్డగీత అయితే తేడా సున్నా. కుడి పలక మీద కొమ్మను గీకేసి మళ్లీ వేయడానికి పది రోజులు పట్టింది.

అప్పటి నుంచి చేసేది ఇది. కాన్వాసుల మధ్య ఖాళీ ఎంత ఉంటుందో ముందే నిర్ణయించుకుని, సరిగ్గా అంత మందం ఉన్న చెక్కముక్కలు రెండు కోసి, వేసేటప్పుడే కాన్వాసుల మధ్య పైన ఒకటి, కింద ఒకటి ఇరికిస్తాను. గీతలు గీసేటప్పుడు స్కేలు ఆ ఖాళీ మీదుగా ఇటు నుంచి అటు పోతుంది. కిటికీ పద్ధతి దానంతటదే వచ్చేస్తుంది.

ఇంకో చిక్కుంది. లెక్క సరిగ్గా ఉన్నా కంటికి తప్పుగా కనిపించవచ్చు. ఒక ఏటవాలు గీతకు అడ్డంగా వెడల్పాటి నిలువు పట్టీ పెడితే, అవతలి ముక్క పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. 1860లో దీన్ని గమనించిన జర్మన్ శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ పేరుతోనే ఈ కనుమాయను పిలుస్తారు. గీత ఎంత నిటారుగా ఉంటే, పట్టీ ఎంత వెడల్పుగా ఉంటే తేడా అంత ఎక్కువగా తెలుస్తుంది. అందుకని ఖాళీని దాటే గీతలు వీలైనంత పడుకుని ఉండేలా చూసుకోండి. నీటి అంచులు, నేల, మేఘాల పొరలు ఖాళీని హాయిగా దాటతాయి. నిటారు కొమ్మలు, మెట్ల కమ్మీలు, చాచిన చేతులు దాటడం కష్టం. ముఖాన్ని మాత్రం ఖాళీ మీద పెట్టకండి. కోత పద్ధతిలో ముఖం వెడల్పైపోతుంది, కిటికీ పద్ధతిలో ముక్కు మాయమైపోతుంది.

దృశ్యం మొత్తం ఇలాంటి నిటారు గీతలతోనే నిండి ఉంటే, మీరు ఎంత ఇష్టపడినా, అది ఒకే కాన్వాస్‌కు చెందిన దృశ్యం.

డిప్టిక్ కావాలా, జంట చిత్రాలు కావాలా

ఈ రెండింటినీ ఒకటే అనుకుని కొన్నవాళ్లు తర్వాత బాధపడటం చూశాను. తేడా తెలుసుకోవడానికి ఒకే ప్రశ్న వేసుకోండి: రేపు ఈ రెండూ వేర్వేరు ఇళ్లకు వెళితే ఏమవుతుంది?

జంట చిత్రాలు విడిపోయినా బతుకుతాయి. రెంబ్రాంట్ 1634లో మార్టెన్ సోల్మాన్స్, ఓప్యెన్ కోపిట్ అనే కొత్త దంపతులకు నిలువెత్తు చిత్రాలు రెండు వేశాడు. ఒక్కోటి పూర్తి చిత్రం. 2016లో పారిస్ లూవ్ర్, ఆంస్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం కలిసి 160 మిలియన్ యూరోలకు వాటిని కొన్నాయి. రెండింటినీ ఎప్పుడూ కలిపే చూపించాలని, ఇక్కడ కొంతకాలం అక్కడ కొంతకాలం ఉంచాలని ఒప్పందం. విడివిడిగా బతకగలిగినవే అయినా అంత పట్టుబట్టి కలిపి ఉంచారు, ఎందుకంటే ఆయన చూపు, ఆమె నడక ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి. రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1957లో ఫ్యాక్టమ్ ఒకటి, ఫ్యాక్టమ్ రెండు అని దాదాపు ఒకేలా ఉండే రెండు చిత్రాలు చేశాడు, ఒలికిన రంగు కూడా రెండింటిలో దాదాపు ఒకేచోట కారుతుంది. ఇప్పుడు ఒకటి లాస్ ఏంజెలెస్‌లో, ఒకటి న్యూయార్క్‌లో ఉన్నాయి. విడిగానే నిలబడగలవు.

డిప్టిక్ విడిపోతే సగం అయిపోతుంది. ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫుకె 1450ల్లో వేసిన మెలున్ డిప్టిక్‌లో ఎడమ పలక బెర్లిన్‌లో ఉంది, కుడి పలక ఆంట్‌వర్ప్‌లో ఉంది. బెర్లిన్ పలకలో బొమ్మ వేయించుకున్న ఎతియెన్ షెవాలియె మోకరిల్లి కుడివైపు చూస్తుంటాడు, పక్కనే సాధువు ఆయన్ని ఎవరికో పరిచయం చేస్తున్నాడు. ఆ ఎవరో, అంటే మేరీ, మరో దేశంలో ఉంది. బొమ్మ గొప్పదే, కానీ ఆ చూపు గోడకు తగిలి ఆగిపోతుంది.

కాబట్టి ఇద్దరు పిల్లలకు చెరొకటి ఇవ్వాలనో, ఒకటి ముందు గదిలో ఒకటి పడకగదిలో పెట్టాలనో అనుకుంటే జంట చిత్రాలే తీసుకోండి. ఒక్కోదానికి సొంత కేంద్రం, సొంత వెలుగు, నాలుగు వైపులా ముగిసిన అంచులు ఉన్నాయో లేదో చూడండి. ఒకదాన్ని చేత్తో మూసేస్తే రెండోది నిండుగా ఉండాలి. డిప్టిక్‌లో ఇదే పరీక్ష తిరగబడుతుంది. ఒకదాన్ని మూస్తే రెండోదాంట్లో ఏదో వెలితి తెలియాలి. తెలియకపోతే దాన్ని వేసినవాళ్లు ఆ పని సగంలో వదిలేసినట్టే.

మూడు పలకలు

మూడో పలక రాగానే మధ్య అనేది పుడుతుంది. రెండింటిలో మధ్య ఖాళీయే, మూడింటిలో మధ్యలో బొమ్మ ఉంటుంది. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ చూసేవాళ్ల కన్ను నేరుగా వెళ్లి మధ్య పలక మీద కూర్చుంటుంది, పక్కవి రెండూ సేవకుల్లా నిలబడతాయి. మీ విషయానికి ఒక రాజు ఉంటే మూడు పలకలు. ఇద్దరు సమానులుంటే రెండే.

పాత ట్రిప్టిక్‌లలో పక్క పలకలు మధ్యదానిలో సగం వెడల్పే ఎందుకుంటాయో తెలుసా? అవి తలుపులు. మూసినప్పుడు రెండూ కలిసి మధ్య పలకను కప్పాలి. హిరోనిమస్ బాష్ సుమారు 1490-1500 మధ్య వేసిన భూలోక సుఖాల తోట మాడ్రిడ్ ప్రాదో మ్యూజియంలో ఉంది. తలుపులు మూస్తే వాటి వెనకవైపు బూడిద రంగుల్లో గాజుగోళం లాంటి ప్రపంచం, అప్పుడే సృష్టి అవుతూ. తెరిస్తే ఎడమ స్వర్గం, మధ్యలో కిక్కిరిసిన తోట, కుడివైపు నరకం. మూడు పలకలకు ఇంతకంటే బాగా పని దొరకడం కష్టం. ముందు, ఇప్పుడు, తర్వాత.

కానీ అదే మూడు పలకల ప్రమాదం కూడా. మూడు బొమ్మలు వరసగా కనిపిస్తే మన బుర్ర కథ అల్లేస్తుంది, అక్కడ కథ లేకపోయినా. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్‌కు అది ఇష్టం లేదు. అందుకే ఆయన మూడింటినీ ఒకే కొలతలో చేసి, ఒక్కోదానికి విడిగా అద్దం, విడిగా బంగారు ఫ్రేము పెట్టించేవాడు, ఒకదాన్నుంచి ఒకటి వేరుగా నిలబడాలని. 1969లో మిత్రుడు లూసియన్ ఫ్రాయిడ్‌ను అలా మూడుసార్లు వేశాడు. ఆ మూడు పలకలు కొన్నాళ్లు వేర్వేరు చేతుల్లోకి పోయి మళ్లీ కలిశాయి. 2013లో మూడూ కలిపి 142.4 మిలియన్ డాలర్లకు అమ్ముడయ్యాయి, వేలంలో అప్పటికి అదే రికార్డు. మన తయ్యబ్ మెహతా 1995లో చేసిన 'సెలబ్రేషన్' కూడా ట్రిప్టికే, దాంట్లో పండగ జనం మూడు కాన్వాసుల మీదుగా కదులుతారు.

మీకు తలుపులు మూసే అవసరం లేదు కాబట్టి సగం వెడల్పు నియమం పాటించక్కర్లేదు. అయినా నిర్ణయం మాత్రం తీసుకోవాలి. మధ్యది పెద్దదైతే పూజామందిరం నీడ పడుతుంది. మూడూ సమానమైతే వరసగా నడిచినట్టుంటుంది. ఏది కావాలో తెలియకుండా మధ్యదాన్ని కొంచెమే పెద్దగా చేసినవి చూశాను. అవి కొలత తప్పినట్టు కనిపిస్తాయి.

అంతకు మించి పలకలు, మడత తెరలు

నాలుగు, ఆరు, పన్నెండు పలకల గురించి ఎక్కువ చెప్పను, ఇళ్లలో వాటి అవసరం తక్కువ. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి, పలకలు పెరిగేకొద్దీ పోయే భయం కూడా పెరుగుతుంది. వాన్ ఐక్ సోదరుల్లో అన్న హ్యూబర్ట్ మొదలుపెట్టి, ఆయన పోయాక తమ్ముడు యాన్ 1432లో పూర్తిచేసిన ఘెంట్ బలిపీఠ చిత్రంలో ఒక పలక 1934లో దొంగతనానికి గురైంది, ఇప్పటికీ దొరకలేదు. దాని స్థానంలో నకలు ఉంది.

పరిమాణం కోసమే చాలా పలకలు వాడటం మరో సంగతి. డేవిడ్ హాక్నీ 2007లో ఇంగ్లండ్‌లోని వార్టర్ అనే ఊరి దగ్గరి చెట్లను 50 కాన్వాసుల మీద వేశాడు, మొత్తం 12 మీటర్ల వెడల్పు. ఒక్కో కాన్వాస్ బండిలో పట్టే సైజు కాబట్టి బయట చెట్ల ముందే నిలబడి వేయగలిగాడు. పారిస్ ఒరాంజరీ మ్యూజియంలో మోనే వేసిన కలువలు 8 చిత్రాలు, 22 పలకలు. ఆ అతుకులు మనం పట్టించుకోం, ఎందుకంటే ఖాళీ వదలలేదు. గుమ్మం పట్టదనో, మెట్లు ఎక్కించలేమనో విడదీస్తున్నారా? అయితే కాన్వాసుల్ని ఆనించి తగిలించండి. అవసరం రవాణాది అయినప్పుడు మధ్యలో ఖాళీ వదిలి అర్థం ఉన్నట్టు చూపించొద్దు.

గోడకు మేకు కొట్టే వీల్లేనివాళ్లు, గదిని రెండుగా చేయాలనుకునేవాళ్లు మడత తెర గురించి ఆలోచించాలి. పదిహేడో శతాబ్దంలో జపాన్ చిత్రకారుడు తవరాయ సోతాత్సు వేసిన గాలి దేవుడు, ఉరుము దేవుడు క్యోటో కెన్నిన్‌జీ ఆలయానివి. రెండు తెరలు, ఒక్కోటి రెండు మడతలు. కుడి చివర గాలి దేవుడు, ఎడమ చివర ఉరుము దేవుడు. మధ్యలో అంతా బంగారు రేకు, ఏ బొమ్మా లేదు. ఇద్దరూ ఆ ఖాళీ బంగారంలోకి దూకబోతున్నట్టుంటారు. ఖాళీకి ఇంత పని అప్పగించిన రెండు పలకల జోడీ మరొకటి నేనెరగను. తెర నిలబడాలంటే కోణంగా మడవాలి కాబట్టి మనం నడుస్తున్నకొద్దీ బొమ్మ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. చదునైన గోడకు ఆ సుఖం లేదు. అయితే మడత లోపలికి వచ్చిన చోట వెలుగు తక్కువ పడుతుంది, అక్కడ ముఖ్యమైన వివరం పెట్టొద్దు.

ఒకే కాన్వాస్‌లో చీలిక

విడదీయాలనే కోరిక బలంగా ఉన్నా రెండు కాన్వాసులు వద్దనుకునేవాళ్లకు మరో దారి ఉంది. బార్నెట్ న్యూమన్ 1948లో ఆన్‌మెంట్ ఒకటి అనే చిన్న కాన్వాస్ వేశాడు. ముదురు ఎరుపు మీద మధ్యలో నిలువుగా ఒక్క నారింజ గీత. అది రెండు భాగాల్నీ విడదీస్తోందా, కలిపి పట్టుకుందా అని ఎంతసేపైనా చూడవచ్చు. తయ్యబ్ మెహతా 1969 తర్వాత చేసిన డయాగనల్ చిత్రాల్లో ఏటవాలు గీత ఒకటి కాన్వాస్‌ను, అందులోని మనిషిని ఒకేసారి చీలుస్తుంది. మీ విషయంలో చీలిక బాధాకరమైనదైతే, రెండు భాగాలూ ఒకదాన్నొకటి వదిలించుకోలేనివైతే, ఒకే బట్ట మీద గీతే బలంగా ఉంటుంది. రెండు కాన్వాసుల మధ్య గోడ కనిపిస్తే కొంత ఊపిరి ఆడుతుంది, ఒక్కోసారి ఆ ఊపిరి ఉండకూడదు.

ముందే కోసి అమ్మే ప్రింట్ల మాట కూడా చెప్పాలి. ఒక ఫొటోను మూడు, ఐదు ముక్కలు చేసి ఎత్తుపల్లాలుగా తగిలించేవి. వాటిలో చాలావరకు కోత పద్ధతిలోనే కోస్తారు, సూర్యుడు సగం ఇటు సగం అటు పోతాడు. కొనాలనుకుంటే కోయని అదే బొమ్మను ఒకసారి చూడండి. కోసినదే బాగుందనిపిస్తే తీసుకోండి. చాలాసార్లు కోయనిదే బాగుంటుంది.

వేసేటప్పుడు, తగిలించేటప్పుడు

రెండు కాన్వాసులకీ బట్ట ఒకే తాను నుంచి, నేత ఒకే దిక్కులో. ప్రైమరు (రంగుకు ముందు బట్టకు పూసే పూత) ఒకే డబ్బా, ఒకేరోజు. రంగు కలిపేటప్పుడు రెండింటికీ సరిపడా ఒకేసారి కలపండి. నిన్నటి ఆకుపచ్చ ఈరోజు మళ్లీ రాదు, ముఖ్యంగా ఆక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి తడిమీద సరిపోల్చడం మోసం చేస్తుంది. ఒకదాన్ని పూర్తి చేసి రెండోదానికి వెళ్లొద్దు. రెండూ ఎప్పుడూ కంటి ముందు పక్కపక్కనే ఉండాలి. వార్నిష్ కూడా రెండింటికీ ఒకేరోజు.

కాన్వాస్ వదులైందని వెనక మూలల్లో చెక్కలు కొట్టి బిగిస్తే ఆ పలక ఒకట్రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒంటరి కాన్వాస్‌లో అది తెలియదు, జతలో పై అంచులు కలవకపోవడంగా తెలుస్తుంది. అందుకని బిగిస్తే రెండూ బిగించండి.

లోపలి అంచుల రంగు చాలామంది మర్చిపోతారు. ఖాళీకి అటూ ఇటూ ఉన్న ఆ రెండు అంచులకి ఎర్రరంగు ఉంటే, వెలుగు పడినప్పుడు మధ్యలోని తెల్లగోడ మీద గులాబి ఛాయ పడుతుంది. కావాలనే చేస్తే అందంగా ఉంటుంది. వద్దనుకుంటే లోపలి అంచులు రెండూ గోడ రంగులోనో, మసక బూడిద రంగులోనో వేయండి.

ఖాళీ ఎంత? అరవై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాన్వాసులకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు నాకు బాగా కుదిరాయి. రెండు కంటే తక్కువైతే కలపబోయి కుదరనట్టుంటుంది, పది దాటితే ఎవరి దారి వారిదే అన్నట్టుంటుంది. ఫ్రేము పెడుతుంటే దాని వెడల్పు కూడా ఖాళీలోకే వస్తుందని మర్చిపోకండి. ఒక్కో ఫ్రేము మూడు సెంటీమీటర్లు, మధ్య గోడ మూడు, అంటే బొమ్మకూ బొమ్మకూ తొమ్మిది. ఒకే దృశ్యం సాగే డిప్టిక్‌కు అది ఎక్కువ. సన్నటి ఫ్రేము తీసుకోండి, లేదా ఫ్రేములు ఆనించండి.

తగిలించేటప్పుడు గోడ మీద ముందుగా గుర్తు పెట్టాల్సింది ఖాళీ మధ్యభాగం. అక్కడి నుంచి లెక్క: కాన్వాస్ వెడల్పు 50, ఖాళీ 4 అయితే, ఒక్కో కాన్వాస్ మధ్యగీత ఆ గుర్తుకు 27 సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. ఎత్తు, మొత్తం జత నడిమి భాగం నేల నుంచి 145-150 సెంటీమీటర్లు ఉంటే నిలబడి చూసేవాళ్ల కంటికి సరిపోతుంది. ఒక్కో కాన్వాస్‌కు రెండేసి కొక్కేలు పెట్టండి. ఒకే మేకు, ఒకే తీగ అయితే తలుపు వేసినప్పుడల్లా అది కాస్త ఒరుగుతుంది. ఒంటరి బొమ్మ రెండు మిల్లీమీటర్లు ఒరిగినా ఎవరికీ తెలియదు. జతలో ఒకటి ఒరిగితే మధ్య ఖాళీ పైన సన్నంగా, కింద లావుగా కనిపించి వెంటనే దొరికిపోతుంది.

కిటికీ ఒక పక్కనే ఉన్న గోడ మీద డిప్టిక్ పెట్టొద్దు. ఎండ తగిలే పలక ముందు వెలిసిపోతుంది, కొన్నేళ్లకు రెండు పలకల ఆకాశాలూ రెండు రంగులవుతాయి. తప్పకపోతే ఆ కిటికీకి పరదా వేయండి.

ఆఖరుగా కాన్వాసుల వెనక పెన్సిల్‌తో రాయండి: ఎడమ, కుడి, పై దిక్కుకు బాణం గుర్తు, మధ్య ఖాళీ ఎంత సెంటీమీటర్లో. ఇల్లు మారినప్పుడు వాటిని విప్పేది మీరే కాకపోవచ్చు. నైరూప్య చిత్రమైతే ఎడమది కుడికి వెళ్లిపోయినా చాలా రోజులు ఎవరూ గమనించరు.